చుక్కలు రాలిన రాత్రి

రాత్రివేళ నాకాశమున నపూర్వమైన వెలుగు కనబడినప్పుడు మనుష్యులు సామాన్యముగ రెండు త్రోవలలో నొకదానిని ద్రొక్కుదురు. కొందరది దేశమునకో, తమ యింటికో రానున్న యరిష్టమని వణకుదురు. కొందరు చూచినవారిని వెఱ్ఱివారని నవ్వి యూరకుందురు. విచారింపక నమ్మువారును, విచారింపక త్రోసివేయువారును నొక్క తెగవారే యని మా యభిప్రాయము. మూడవ త్రోవ యొకటి కలదు. దానిని దెలుపుటకై అమెరికా దేశమున జరిగిన యొక వృత్తాంతమును మా చదువరులకు నివేదించుచున్నాము.

1833వ సంవత్సరము నవంబరు 13వ తేదీన, తెల్లవాఱుటకు ముందు, ఉత్తర అమెరికా తూర్పుభాగమున ఉల్కలు వర్షమువలె గురిసెను. వానిని లెక్కించుట యెవరికిని సాధ్యము కాలేదు. పలువురు ప్రళయము వచ్చెనని భయపడి ప్రార్థనలు చేసిరి. తరువాతి కాలమున బానిసల విమోచనమునకై పోరాడి ప్రసిద్ధికెక్కిన ఫ్రెడరిక్ డగ్లసు అప్పటికి మేరీలాండులో బానిసగానున్న బాలుడు. అది క్రీస్తు పునరాగమనమునకు సూచనయేమో యని తనకప్పుడు తోచినట్లు ఆయన 1855లో ప్రకటించిన స్వీయచరిత్రమున వ్రాసెను. ఏటికొక బొమ్మ గీసి చరిత్రను నిలుపుకొను లకోటా జాతివారు ఆ సంవత్సరమును చుక్కలు రాలిన యేడుగా గుర్తించిరి.

ఆ దృశ్యమును న్యూహేవను పట్టణమున డెనిసన్ ఓంస్టెడ్ అను పండితుడును జూచెను. ఆయన యేల్ కళాశాలలో గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించుచుండెను. తానొక్కడు చూచినది చాలదని యెఱిగి, ఆయన వెంటనే స్థానిక పత్రికకు వ్రాసి, ఇతరులు చూచిన విషయములను గూడ తెలుపుడని కోరెను. ఇతర పత్రికలు దానిని మఱల ముద్రించెను. పలు ప్రాంతములనుండి జాబులు వచ్చెను. వానినన్నిటిని సరిపోల్చి ఆయన 1834లో తన పరిశీలనములను ప్రకటించెను.

జాబులవలన నొక విశేషము తేలెను. ఉల్కలన్నియు సింహరాశిలో, మఖ నక్షత్రమునకు సమీపమున కొడవలివలె నమరిన చుక్కల నడుమనుండి వెలువడినట్లు కనబడెను. రాత్రి గడచుకొలది ఆ రాశి పడమటికి జరుగగా, ఆ స్థానమును దానితోడనే జరిగెను. కావున నవి మన గాలిలో బుట్టిన మంటలు కావనియు, భూమికి వెలుపలినుండి వచ్చినవనియు నిశ్చయమయ్యెను. సమానాంతరములైన రైలు పట్టాలు దూరమున నొక్కచోట గలిసినట్లు తోచుటయు, ఉల్కల దారులొక్కచోట గలిసినట్లు తోచుటయు నొక్కటే.

ఓంస్టెడ్ చెప్పినదంతయు నిలువలేదు. ఆ ధూళిగుంపు సుమారాఱు మాసములకొకసారి సూర్యుని జుట్టివచ్చునని యాయన యూహించెను. ఆ యూహ తప్పు. యేల్ విద్యాలయమునకే చెందిన హెచ్. ఏ. న్యూటన్ 1864లో, క్రీ. శ. 902 మొదలు పూర్వులు వ్రాసియుంచిన ఉల్కావర్షముల తేదీలను సేకరించి, ఈ వర్షము సుమారు 33 ఏండ్లకొకసారి ప్రబలునని చూపి, 1866 నవంబరులో మఱల వచ్చునని చెప్పెను. అట్లే వచ్చెను, ఐరోపా వాసులు దానిని జూచిరి. 33 ఏండ్లకు సూర్యుని జుట్టివచ్చు టెంపెల్-టటిల్ తోకచుక్క విడిచిన ధూళియే యీ ఉల్కలకు మూలమని 1867లో గుర్తింపబడెను. 1899లో జనులు మేల్కొని కాచుకొనిరి గాని వర్షము రాలేదు. గురు, శని గ్రహముల యాకర్షణచే ధూళి త్రోవ తొలగుటయే దీనికి గారణము. 1966లో నది మఱల ప్రచండముగ గురిసెను.

ఈ చరిత్రలో పండితుల పేర్లు నిలిచినవి. అయితే విషయమును సమకూర్చినవారు తాము చూచినదానిని చూచినట్లు వ్రాసి పంపిన గృహస్థులును, ఏనాటి చుక్కలనో తేదీతో గుర్తించియుంచిన ప్రాచీన లేఖకులును. వారిని పరిహసించియుండినచో శాస్త్రమునకు సాక్ష్యమే లేకపోయెడిది.

మన యిండ్లలో చుక్క రాలిన నెవరో చనిపోవుదురని పిల్లలకు జెప్పు వాడుక కలదు. ఇకమీదట బిడ్డ వచ్చి వింతవెలుగు చూచితినన్నచో, ఏ దిక్కున, ఏ వేళ, ఎంతసేపు, ఏ చుక్కల నడుమ చూచితివని తల్లిదండ్రులడుగుదురుగాక. కారణము వెంటనే తెలియకపోయినను దోషము లేదు. తేదీ వేసి కాగితముపై వ్రాసియుంచిన మాట 33 ఏండ్లకైనను నెవరికో యుపకరింపవచ్చును.