వంతల పక్కన కూర్చుని

వేదిక ఎదుట కూర్చుంటే రాణి కనిపిస్తుంది. వేదికమీదే వంతల పక్కన కూర్చుంటే ఆమె పని కనిపిస్తుంది. నల్లగొండ పల్లెలో ఒక చిందు యక్షగానాన్ని నేనలా చూశాను. వేషం ముగించి పక్కకొచ్చిన స్త్రీ కిరీటం దించి, బిడ్డకు పాలిస్తూనే వంత అందుకుంది.

కూచిపూడి భాగవతంలో స్త్రీవేషాలు తరతరాలు మగవాళ్లే కట్టారు. స్త్రీలు రంగస్థలమెక్కిన కథ చెప్పాల్సివస్తే మన నాటక చరిత్రకు ముందు గుర్తొచ్చేది 1885లో మొదలైన సురభి. మాదిగల ఆశ్రితకులమైన చిందు కుటుంబాల్లోనూ స్త్రీలు ఆడారు, పాడారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషాలూ కట్టింది, 2005లో కన్నుమూసింది. ఆమె పేరైనా మనకు తెలుసు. వంతల వరుసలోని మిగతా ఆడవాళ్ల పేర్లేవి?

రంగస్థల చరిత్రను ఇంతకాలం ఎదుట కూర్చునే రాశాం. ఇక పక్కనుంచి కూడా రాయాలి: కులాన్నీ, కూలినీ, చంకలో బిడ్డనూ కలుపుకుని.