ఎనిమిది చేతుల పేరు

ముందు ఆ కళ్లు చూడాలి. 1882 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ‘ది వాస్ప్’ అచ్చేసిన కార్టూన్‌లో సదరన్ పసిఫిక్ రైల్వే ఒక పెద్ద ఆక్టోపస్. దాని రెండు కళ్లలో రెండు ముఖాలు: యజమానులు లేలాండ్ స్టాన్‌ఫర్డ్, చార్లెస్ క్రాకర్. చేతుల్లో గోధుమ రైతులు, కలప వ్యాపారులు గిలగిలలాడుతుంటారు. గీసింది ఫ్రెడరిక్ కెల్లర్.

గ్రీకులో ‘ఎనిమిది పాదాలది’ అని మాత్రమే అర్థమున్న మాట అలా గుత్తాధిపత్యానికి తిట్టుపేరైంది. విలేకరిగా పనిచేసిన ఫ్రాంక్ నోరిస్ 1901లో రైల్వే మీద రాసిన నవలకూ అదే పేరు పెట్టాడు. 1904లో ‘పక్’ పత్రిక స్టాండర్డ్ ఆయిల్‌ను ఆక్టోపస్‌గా వేసింది. ఒక చెయ్యి వైట్‌హౌస్ వైపు సాగుతుంటుంది.

పులి, తోడేలు ఉండగా ఇదే ఎందుకు? పులి ఒక్కసారికి ఒక్కదాన్నే పడుతుంది. ఇది రైతునీ, శాసనసభనీ ఒకేసారి చుట్టేస్తుంది. పాపం, అసలు ప్రాణి పీతలు తిని బతుకుతూ, మనిషి అలికిడికి రాతి సందులోకి జారుకునే రకం.

మన పేపర్లకు వేట జంతువులు వేరే ఉన్నాయి: వడ్డీ జలగలు, ఏసీబీ వలలో పడే అవినీతి తిమింగలాలు. ఆక్టోపస్ అంటే మాత్రం మనవాళ్లకు గుర్తొచ్చేది ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పుట్టిన కమాండో దళం. అక్కడ తిట్టు, ఇక్కడ పోలీసు బ్యాడ్జీ.