ఆ రోజుది ఆ రోజే రాసుకుంటే

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన కూడా మనలాగే ఉద్యోగి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా, అంటే దుబాసీగా పనిచేశారు. ఆ కోర్టు 1801లో ఏర్పడింది. అక్కడికి వచ్చేవాళ్లు తమ భాషలో చెప్పుకున్నది ఇంగ్లీషు జడ్జీలకు తెలియజెప్పడం ఆయన పని. మాట అటూ ఇటూ అయితే ఒకరి ఆస్తి మరొకరి పాలవుతుంది. అటువంటి ఉద్యోగంలో ఉన్నవారికి ప్రతి సంగతీ సరిగా పట్టుకోవడం అలవాటైపోతుంది కాబోలు.

ఆయన సెలవు తీసుకుని 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో గాని రాలేదు. అందుచేత పల్లకీ, బోయీలు, వంటవాళ్లు, సామాను మోసేవాళ్లతో మజిలీ మజిలీగా సాగిన ప్రయాణమది. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన కోస్తా జిల్లాల గుండా 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగి వచ్చారు. మొత్తం పదిహేను నెలల పైచిలుకు.

కాశీకి వెళ్లివచ్చినవారు ఆ కాలంలోనూ చాలామంది ఉన్నారు. వీరాస్వామయ్యగారు చేసిన విశేషం ఒక్కటే. దారి పొడుగునా రాసుకుంటూ పోయారు. ఏ ఊరు ఎంత దూరం, బాట ఎలా ఉంది, దాటవలసిన వాగులేమిటి, నీళ్లు మంచివేనా, అంగళ్లలో కావలసిన సామాను దొరుకుతుందా, ఇవన్నీ వాడుక మాటల్లో ఎక్కించారు. ఆ రాతలను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో కాలం చేశారు. శ్రీనివాసపిళ్లెగారి పూనికతో 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. రాసినవారు అచ్చు పుస్తకం చూసుకోలేదు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దాన్ని మళ్లీ ప్రకటించారు. ఆనాటి బాటలు, బజార్లు, ఊళ్ల స్థితిగతులు తెలుసుకోవాలంటే చరిత్రకారులు నేటికీ ఆ పుస్తకం తిరగేస్తారు. ఆయన ఇంటికి వచ్చాక తీరికగా జ్ఞాపకం మీద రాసి ఉంటే, గుళ్ల పేర్లు మిగిలేవేమో గాని ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయో మిగిలేది కాదు.

అటువంటి చిన్న రాత విలువ నాకు సర్వీసులో ఉండగా ఒకసారి తెలిసివచ్చింది. నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడు ఉద్యోగంలో ఉండగానే పోయాడు. సర్వీసు రిజిస్టరులో మూడేళ్ల ఎంట్రీలు లేవు. గ్రాట్యుటీ, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఆగిపోయాయి. ఇద్దరు చిన్నపిల్లలతో ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కడ అడిగినా రికార్డు దొరకలేదనే జవాబు. మేమిద్దరం ఒకే ఉత్తర్వు మీద బదిలీ అయి, ఒకే రోజు చేరినట్టు నాకు గుర్తుంది గాని తేదీ గుర్తు లేదు. ఇంట్లో అటక మీది పాత డైరీలు దింపి వెతికాను. ఉత్తర్వు నంబరు, తేదీ, మా ఇద్దరి పేర్లు, ఉదయం పూట చేరినట్టు ఒక్క వరుస ఉంది.

నా డైరీ రుజువు కింద చెల్లదు. అయితే ఎక్కడ వెతకాలో అది చూపించింది. ఆ నంబరు పట్టుకుని వెతికితే పాత ఆఫీసులో ఉత్తర్వు ప్రతి, జీతం బిల్లులు బయటపడ్డాయి. బకాయిలతో సహా మంజూరైంది. తరువాత ఆవిడ మా ఇంటికి వచ్చి, “ఆ పేజీ ఒకసారి చూపిస్తారా అన్నయ్యగారూ” అన్నారు. భర్త పేరు మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

అందుకే సోదర పెన్షనర్లకు ఒక మనవి. సెల్‌ఫోన్ వాడవద్దని అనను. నేనూ వాడుతున్నాను. దానితోపాటు ఒక నోటుబుక్కు కూడా పెట్టుకోండి. పి.పి.ఓ. నంబరు, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు, బి.పి., షుగరు ఎంతున్నదీ, డాక్టరు మార్చిన మందు, ఇచ్చిన అప్పు, తెచ్చిన అప్పు చేత్తో రాయండి. రాస్తూంటే సగం సంగతులు మనసులోనే నిలిచిపోతాయి. పుస్తకం ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. చెయ్యి వణికి అక్షరాలు వంకర పోయినా ఫరవాలేదు. పైన తేదీ వేయడం మాత్రం మరవకండి.