పదిహేనో తారీకు గోదారి

మే 15, 2018, మంగళవారం. పొద్దున్నే మీరు ధవళేశ్వరంలో ఉన్నారు. ఏటా లాగే ఈసారీ కాటన్ దొర విగ్రహానికి దండలు పడుతున్నాయి. 1803లో ఆయన పుట్టింది ఈ రోజే. 1833 కరువును చవిచూసిన ఈ గడ్డ మీద, 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకు కాలవ నీళ్లిచ్చాడు. ఇక్కడి రైతు ఆయనకు చేతులెత్తి మొక్కడంలో ఏ అతిశయమూ లేదు.

ఎండ చల్లబడుతుండగా పోలవరం మీదుగా ఎగువకు, వాడపల్లి దాకా వెళ్లండి. ఎదర గట్టున మంటూరు. సాయంత్రం అయిదు కావస్తోంది. కొండమొదలు నుంచి రాజమండ్రి వెళ్లే సర్వీసు లాంచి దిగువకు వస్తోంది. ఇది షికారు పడవ కాదు. ఏటి ఒడ్డున ఉన్న ఏజెన్సీ ఊళ్లకు బస్సూ ఇదే, సరుకుల బండీ ఇదే, రోగిని ఆసుపత్రికి చేర్చేదీ ఇదే. లోపల సిమెంటు బస్తాలున్నాయి. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది గిరిజనులు.

కొండల మీద ఆకాశం నల్లబడింది. ముందు గాలొచ్చింది. తిప్పల మీది ఇసక లేచి కళ్లలో పడుతోంది. జల్లు కొట్టకుండా లాంచిలో వాళ్లు తలుపులు మూసుకున్నారు. గాలి ఆ మూసిన తలుపులనే తెరచాపలా పట్టుకుంది. లాంచి ఓ పక్కకు ఒరిగింది, మళ్లీ లేవలేదు. పైన ఉన్నవాళ్లు కొందరు ఈదుకుంటూ గట్టెక్కారు. లోపలివాళ్లకు ఆ దారి లేదు. మీరు ఒడ్డున అరుస్తున్నారు, మీ అరుపు గాలికి మీకే వినపడటం లేదు.

పొద్దున దండలు పడిన చోటికి పారేదీ ఈ నీళ్లే. రెండూ ఒకే తారీకున రావడం కాకతాళీయం, ఒప్పుకుంటాను. ఆనకట్ట కట్టి నూట అరవై ఏళ్లు దాటినా కొండవాళ్లకు గాలివానకు తట్టుకునే లాంచి లేకపోవడాన్ని మాత్రం ఆ ఖాతాలో వేయలేను.

పదహారు నెలల తర్వాత, 2019 సెప్టెంబర్ 15. ఆదివారం, ఇంజనీర్ల దినోత్సవం. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం గీసిచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. గండిపోచమ్మ గుడి దగ్గర రాయల్ వశిష్ఠ ఎక్కారు మీరు, పాపికొండలు చూద్దామని. హైదరాబాదు, వరంగల్, విశాఖ వాళ్లు చుట్టూ ఉన్నారు. బోటులో మొత్తం 77 మంది. నది ఎర్రగా, అయిదు లక్షల క్యూసెక్కులకు పైనే పారుతోంది.

కచ్చులూరు మందం. ఇక్కడ ఏరు మలుపు తిరిగి కొండను రాసుకుంటూ సుడులు తిరుగుతుంది. భోజనాల వేళ బోటు కుదిపింది. అందరూ ఒక పక్కకు జారారు, బరువంతా అటే పోయింది.

తూటుగుంట గిరిజనులు తమ పడవలు వేసుకుని ఆ వరదలోకే వచ్చారు. అందిన చెయ్యి అందినట్టు లాగారు. బతికినవాళ్లు 26 మంది. మిగిలిన 51 మందిని ఏరు తీసుకుంది. బోటు అడుగున ఇసకలో కూరుకుపోయింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు వేసి, ఇనప తాళ్లు తెగినా మళ్లీ వేసి, 38వ రోజున, అక్టోబర్ 22న, దాన్ని ఒడ్డుకు లాగింది. లోపల ఇంకా మృతదేహాలున్నాయి.