ఎండ చొరని ఆటస్థలములు

1891 డిసెంబరు నెలలో అమెరికా దేశమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున ఒక వ్యాయామోపాధ్యాయునకు చిక్కు వచ్చి పడినది. బయట చలికాలము. ఆరుబయట ఆటలకు వీలులేదు. లోపల చేయించు కసరత్తులన్న విద్యార్థులకు విసుగు. జేమ్స్ నైస్మిత్ అను ఆ ఉపాధ్యాయుడు వ్యాయామశాలలో ఎత్తుగా రెండు పండ్ల బుట్టలు కొట్టించి, వానిలోనికి బంతి విసరు ఆట నొకదానిని కల్పించెను. అదియే బాస్కెట్‌బాల్. 1895 లో సమీపమందలి హోలియోకు పట్టణమున విలియం మార్గన్ వాలీబాల్‌ను కల్పించెను. తెలుగునాట పాఠశాలలలో ఈ రెండును ఆరుబయటనే ఆడుదురు గనుక, ఇవి కప్పు క్రింద ఆడుటకై పుట్టినవని ఎవరికిని తోచదు.

ఆ రోజులలోనే ఐరోపా, అమెరికాల పారిశ్రామిక నగరములలో రికెట్సు అను వ్యాధి పసిబిడ్డలను పట్టి పీడించుచుండెను. ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరలు పోవును. ఆడపిల్లకు కటివలయము ఇరుకై, పెద్దదైన పిమ్మట కాన్పు గండమగును. 1650 లోనే ఫ్రాన్సిస్ గ్లిస్సన్ అను ఆంగ్ల వైద్యుడు దీనినిగూర్చి గ్రంథము వెలువరించెను గాని కారణము తెలియలేదు. 1822 లో పోలెండు వైద్యుడు స్నియాదెట్స్కి, వార్సా నగరపు పిల్లలలో ఈ రోగము మెండనియు, చుట్టుపట్ల పల్లెపిల్లలలో అరుదనియు చూచి, ఎండయే దీనికి మందనెను. జపానులో పనిచేసి వచ్చిన థియొబాల్డు పామ్ అను వైద్యుడు 1890 లో అదే మాట చెప్పెను. డబ్బిచ్చి కొననక్కరలేని మందును నమ్ముట వైద్యలోకమునకు కష్టమైనట్లున్నది. ఆ మాటలు చాలకాలము మరుగున పడియుండెను.

పిమ్మట ఒకే ఏడాది రెండు సమాధానములు వచ్చినవి. 1919 లో ఇంగ్లండులో ఎడ్వర్డు మెల్లన్‌బీ, కుక్కపిల్లలకు ఓటు ధాన్యపు జావ ముఖ్యాహారముగా పెట్టి రికెట్సు కలిగించి, కాడ్ చేప కాలేయపు నూనెతో దానిని నివారింపవచ్చునని ప్రకటించెను. కావున ఇది ఆహారలోపమని ఆయన తీర్పు. ఆ కుక్కపిల్లలు ఎండ తగులక ఇంటిలోపలనే పెరిగినవను సంగతికి అప్పుడు ప్రాముఖ్యము కలుగలేదు. అదే సంవత్సరము బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ, రోగపీడితులైన బిడ్డలపై పాదరస దీపమునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి వ్యాధి కుదిర్చెను. ఆయన ఒక బిడ్డకు ఒక చేతిమీదనే కిరణములు పడనిచ్చెను; రెండవ చేతి ఎముకలు కూడ బాగుపడినవి. అనగా చర్మమున పుట్టిన పదార్థమేదియో రక్తముతో దేహమంతట తిరిగినదన్నమాట. ఇంతకంటె సులభమైన పరీక్ష, ఇంతకంటె గొప్ప ఫలితము వైద్యచరిత్రలో అరుదు.

నూనెయా, వెలుగా? యుద్ధానంతరము కరవుతో అలమటించుచున్న వియన్నాలో హ్యారియెట్ చిక్ బృందము రెండును పనిచేయునని రుజువు చేసెను. 1922 లో మెక్‌కాలమ్, కాలేయపు నూనెను కాచి అందు గాలి పోనిచ్చి విటమిను ఎ ను నశింపజేసినను రికెట్సును మాన్పు గుణము పోలేదని చూపి, ఆ వేరు పదార్థమునకు విటమిను డి అని పేరు పెట్టెను. 1924 లో స్టీన్‌బాక్, హెస్ అనువారు ఎవరికి వారుగా కనుగొన్నదేమనగా, అతినీలలోహిత కిరణములు పడిన ఆహారమునకే ఆ గుణము వచ్చుచున్నది. చర్మములోని కొలెస్టరాల్ జాతి పదార్థమొకటి ఎండ తగిలి విటమిను డి గా మారును. అది కాలేయమందును, పిదప మూత్రపిండములందును మార్పుచెంది, ప్రేగులు కాల్షియమును, భాస్వరమును గ్రహించునట్లు చేయును.

ఎండ పుష్కలముగా నున్న దేశమునను మనిషికి ఎండ దొరకకపోవచ్చును. కాశ్మీరములో ఘోషా స్త్రీల ఎముకలు మెత్తబడి కాన్పులు ప్రాణాంతకములగుటను చూచిన కాథ్లీన్ వాన్, 1928 లో ఆ విషయమై పుస్తకమే వ్రాసెను.

ఇక క్రీడాకారుల మాట. 1945 లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున కొందరు విద్యార్థులపై అతినీలలోహిత దీపకాంతిని ప్రసరింపజేసి, వారి దేహదార్ఢ్యము మిగిలినవారికంటె హెచ్చినదని ప్రకటించిరి. పాల్గొన్నవారు కొద్దిమంది. పైగా దీపము క్రింద కూర్చున్నవానికి తాను కూర్చున్నట్లు తెలియును గదా! అట్టి ప్రయోగముపై ఎక్కువ బరువు మోపరాదు.

గట్టి సాక్ష్యము 1988 లో వచ్చినది. బోస్టను నగరమున నవంబరునుండి ఫిబ్రవరివరకు ఎండలో ఉంచినను చర్మమున విటమిను డి ఏమాత్రము తయారుకాలేదని వెబ్, క్లైన్, హోలిక్ అనువారు చూపిరి. బోస్టను 42వ ఉత్తర అక్షాంశమున ఉన్నది; స్ప్రింగ్‌ఫీల్డు కూడ అంతే. నైస్మిత్ శిష్యులు ఆ డిసెంబరులో బయట ఆడియున్నను ఈ విషయమున వారికి లాభముండెడిది కాదు!

ఇజ్రాయేలు అట్టి చలిదేశము కాదు. 2010 లో అచ్చట 98 మంది యువ క్రీడాకారులను, నర్తకులను పరీక్షింపగా, లోపల ఆడువారిలో నూటికి 80 మందికి, బయట ఆడువారిలో 48 మందికి విటమిను డి చాలకుండెను. అయితే ఇందొక మెలిక. మిల్లీలీటరు రక్తమునకు 30 నానోగ్రాములకు తక్కువైనచో చాలదని వారి కొలబద్ద. 2011 లో అమెరికా వైద్యసంస్థ 20 చాలునన్నది. 30 కావలెనని అదే ఏడాది పట్టుబట్టిన అంతస్స్రావ వైద్యుల సంఘము 2024 లో ఆ మాటను తానే విడిచిపెట్టినది. కావున 80 అను అంకెను వల్లెవేయుటకంటె లోపలివారికిని బయటివారికిని గల తేడాను గమనించుట మేలు.

విటమిను ఉన్నంత మాత్రమున చాలదు. ఎముకకు ఖనిజము కావలెను. 1996 లో అమెరికాలో ఒక కళాశాల బాస్కెట్‌బాల్ జట్టును పరిశీలింపగా, ఒక్కొక్క అభ్యాసమునందు చెమటతో సగటున 422 మిల్లీగ్రాముల కాల్షియము పోవుచుండెను. పోటీల ఋతువు సగము గడుచునప్పటికి ఎముకల ఖనిజము నూటికి 3.8 వంతు తగ్గెను. ఆ ఆటగాండ్రు 11 మందే గాని, కాల్షియము అదనముగా ఇచ్చిన పిమ్మట నష్టము పూడినది. 2008 లో అమెరికా నౌకాదళమున చేరిన 5,201 మంది యువతులపై జరిగిన పరీక్ష పెద్దది. రోజునకు 2,000 మిల్లీగ్రాముల కాల్షియము, 800 యూనిట్ల విటమిను డి పొందినవారిలో ఎముకకు వచ్చు సన్నని పగుళ్ళు ఇంచుమించు అయిదవవంతు తగ్గినవి.

హైదరాబాదు 17వ అక్షాంశమున ఉన్నది. ఏడాది పొడుగున అచ్చటి నడిపగటి ఎండ ఈ పనికి చాలును. అయినను, బ్యాడ్మింటన్ సాధకులు ఉదయ సాయంకాలములు కప్పు క్రింద గడుపుదురు. ఒకప్పుడు మట్టిలో ఆడిన కబడ్డీకూడ పెద్ద పోటీలలో చాపలపైకి, దీపముల క్రిందికి వచ్చినది. కిటికీ అద్దము వెలుతురును రానిచ్చునుగాని విటమిను డి పుట్టించు కిరణములను దాదాపు పూర్తిగా అడ్డగించును. ప్రాతఃకాలపు ఏటవాలు ఎండలో ఆ కిరణములు బహు స్వల్పము. ఉపాధ్యాయులు పిల్లలకు చూపదగిన గుర్తొకటి కలదు: ఎండలో నిలిచినవాని నీడ వాని పొడవుకంటె పొట్టిగా ఉన్న వేళలందే చర్మము ఈ విటమినును బాగుగా తయారుచేయును.