షాంఘై రబ్బరు వాటాల సంక్షోభం (1910): నష్టభారం - రాజకీయ పర్యవసానం

ఉపోద్ఘాతం:
ఆర్థిక బుడగల చరిత్రను సాధారణంగా ధరల పట్టికల ఆధారంగా, మదుపుదారుల దురాశ కథగా రాస్తుంటారు. ధర ఎంత పెరిగింది, ఎప్పుడు కూలింది అనే ప్రశ్నలకు ఆ పద్ధతిలో సమాధానం దొరుకుతుంది. ఆ నష్టాన్ని చివరకు ఎవరు మోశారన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. 1910 నాటి షాంఘై రబ్బరు వాటాల సంక్షోభాన్ని ఈ ప్రశ్న దృష్ట్యా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఋణవ్యవస్థ స్వరూపం:
మోటారు వాహనాల తయారీ విస్తరించడంతో ప్రపంచ విపణిలో రబ్బరుకు గిరాకీ పెరిగింది. ఆగ్నేయాసియాలో తోటలు పెంచుతామంటూ ఏర్పడిన అనేక కంపెనీల వాటాలు 1909-10లో షాంఘైలో అమ్ముడయ్యాయి. రబ్బరు మొక్క పాలు ఇవ్వడానికి ఐదారేళ్లు పడుతుంది. అయినా కొత్త తోటల వాటాలకు సైతం విపరీతమైన ధర పలికింది.

ఈ కొనుగోళ్లకు సొమ్ము సమకూర్చినవి ‘చియెన్‌జువాంగ్’ అనే దేశీయ బ్యాంకులు. అవి తమ హామీ పత్రాలపై విదేశీ బ్యాంకుల నుండి స్వల్పకాలిక ఋణాలు తెచ్చి, వర్తకులకు అప్పులిచ్చేవి. కొన్నిటి యజమానులు స్వయంగా వాటాలు కొన్నారు. లండన్‌లో రబ్బరు ధర పడిపోగానే ఈ వ్యవస్థ తలకిందులైంది. జులైలో జెంగ్‌యువాన్, జావోకాంగ్, చియెన్‌యూ బ్యాంకులు దివాలా తీశాయి. షాంఘై దావోతాయ్ (ప్రాంతీయాధికారి) త్సాయ్ నైహ్వాంగ్ విదేశీ బ్యాంకుల నుండి 35 లక్షల తైళ్ల (వెండి తూకం లెక్క) ఋణం తెచ్చినా, అక్టోబరులో యువాన్‌ఫెంగ్‌రన్ అనే పెద్ద సంస్థ కూడా మూతపడింది.

సిచువాన్ రైల్వే నిధులు:
నష్టపోయినవారిలో షాంఘైకి చాలా దూరంలో ఉన్న సిచువాన్ ప్రజలు కూడా ఉండటం గమనార్హం. 1904లో ఏర్పడిన సిచువాన్-హాంకౌ రైల్వే కంపెనీ మూలధనంలో అధికభాగం భూమి రాబడిపై నూటికి 3 వంతుల చొప్పున విధించిన వసూళ్ల ద్వారా సమకూరింది. అందువల్ల షేరు విపణి ముఖమెరుగని గ్రామీణులు సైతం తప్పనిసరిగా వాటాదారులయ్యారు. షాంఘైలో ఉంచిన ఆ నిధుల్లో సుమారు 30 లక్షల తైళ్లు దేశీయ బ్యాంకుల పతనంలోను, రబ్బరు వాటాల్లోను హరించుకుపోయాయి.

1911 మే నెలలో చింగ్ ప్రభుత్వం ప్రధాన రైలు మార్గాలను జాతీయం చేసింది. రవాణా మంత్రి షెంగ్ శ్వాన్‌హ్వాయ్ షాంఘైలో పోయిన సొమ్ముకు పరిహారం ఇవ్వడానికి నిరాకరించాడు. ఫలితంగా సిచువాన్‌లో రైల్వే పరిరక్షణోద్యమం చెలరేగింది. సెప్టెంబరు 7న చెంగ్డూలో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. ఉద్యమాన్ని అణచడానికి హూబే సైన్యంలో కొంత భాగాన్ని అక్కడికి తరలించారు. అక్టోబరు 10న అదే హూబేలోని వూచాంగ్‌లో తిరుగుబాటు మొదలైంది. 1912 ఫిబ్రవరి 12న చింగ్ చక్రవర్తి సింహాసనాన్ని త్యజించాడు.

ముగింపు:
రబ్బరు బుడగ వల్లే విప్లవం వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. రాజ్యాంగ సంస్కరణల జాప్యం, విదేశీ ఋణాలపై ఆగ్రహం, సైన్యంలో విప్లవ సంఘాల ప్రచారం అప్పటికే బలపడి ఉన్నాయి. అయితే తొలినాటి చైనా పెట్టుబడిదారీ వ్యవస్థలో పన్ను వంటి నిర్బంధ వసూలు, ప్రైవేటు ఋణం, విదేశీ బ్యాంకుల నగదు ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకున్నాయో ఈ సంక్షోభం స్పష్టం చేస్తుంది. లాభం ఆశించి వాటాలు కొన్నవారి నష్టం వేరు, బలవంతంగా వాటాదారులైనవారి నష్టం వేరు. ఈ భేదాన్ని గుర్తించని ప్రభుత్వం ఆర్థిక సమస్యను రాజకీయ సమస్యగా మార్చుకుంది. కనుక బుడగల చరిత్రను పరిశోధించేవారు విపణి ధరలతోపాటు భూమి వసూళ్ల లెక్కలను, రైల్వే కంపెనీల పత్రాలను కూడా కలిపి చదవవలసి ఉంది.