మురికి ఎవరి వాకిట్లో పొయ్యాలి?



పోయిన భాగంలో కారంచేడు గురించి రాశాను. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడు చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ అది. మరునాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దాన్ని కుల దాడి అంటాం, నిజమే. అది పర్యావరణ పోరాటం కూడా అంటాను నేను. మురికి ఎవరి నీళ్లలో కలవాలో అక్కడ కులం నిర్ణయించింది.

అమెరికాలో ఆ పని జాతి చేసింది. 1978లో నార్త్ కరోలినా రాష్ట్రంలో పీసీబీ అనే విషం కలిసిన నూనెను దాదాపు 240 మైళ్ల రోడ్ల పక్కన దొంగచాటుగా పారబోశారు. ఆ మట్టిని తెచ్చి పూడ్చడానికి ప్రభుత్వం ఎంచుకున్న చోటు వారెన్ కౌంటీ. అక్కడ ఎక్కువమంది నల్లవాళ్లు, పేదవాళ్లు. 1982 సెప్టెంబరులో లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు.

అయినా విషం పూడ్చారు. మరి ఓడిపోయారా?

ఆ అరెస్టుల తర్వాతే లెక్కలు బయటికొచ్చాయి. 1983లో ప్రభుత్వ సంస్థే చూస్తే, ఆగ్నేయ రాష్ట్రాల్లోని నాలుగు పెద్ద విషవ్యర్థాల గుంతల్లో మూడు నల్లవాళ్లు ఎక్కువున్న చోట్లే ఉన్నాయి. 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసింది. పేదరికం కన్నా జాతే బలమైన కారణమని తేల్చింది. 1994లో క్లింటన్ పర్యావరణ న్యాయం మీద ఉత్తర్వు ఇచ్చాడు. 2025 జనవరిలో ట్రంప్ దాన్ని రద్దు చేశాడు. సంతకంతో వచ్చింది, సంతకంతోనే పోయింది.

న్యూజెర్సీ రాష్ట్రం మాత్రం 2020లో ఏకంగా చట్టం చేసింది. ఇప్పటికే కాలుష్యం మోస్తున్న పేద, నల్ల, వలస జనాల మీద కొత్త ఫ్యాక్టరీ అదనపు భారం వేస్తే అనుమతి నిరాకరించాలి. ఉత్తర్వుకూ చట్టానికీ తేడా ఇదే.

మన దగ్గర 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. అభిప్రాయం రాసుకుంటారు, కట్టుబడరు. ఊరంతా వద్దన్నా అనుమతి ఆగాలని లేదు. మనం అడగాల్సింది రాష్ట్ర చట్టం: వాడ ఇప్పటికే ఎంత మోస్తోందో లెక్క తీయాలి, మించితే ఆపాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరి డంపింగ్ యార్డు, మురుగు కాలువ చివర, క్వారీ ఎక్కడున్నాయో కాగితం మీద గీయండి. పక్కన ఎవరి ఇళ్లున్నాయో రాయండి. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టండి. వారెన్ కౌంటీ జనానికి కూడా లెక్కే ఆయుధమైంది.

వచ్చే భాగంలో శ్మశాన భూముల చరిత్ర.